పాతబస్తీ పాటకు ఎవరి తూకం?

మీర్ తఖీ మీర్ 1752లో ఉర్దూ కవుల గురించి ఫార్సీలో ఒక పుస్తకం రాశాడు. పేరు 'నికాతుష్షుఅరా'. ఉర్దూ కవుల మీద వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. అందులో దక్కన్ సంగతి ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఈ కవిత్వం పుట్టింది దక్కన్‌లోనే అయినా, పొందికగా రాసే కవి ఒక్కడూ అక్కణ్నుంచి రాలేదన్నాడు. ఆ మాట రాసేనాటికి చార్మినార్ కట్టి 160 ఏళ్లు దాటింది. దాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో బోలెడంత కవిత్వం రాసి, కన్నుమూసి దాదాపు 140 ఏళ్లయింది.

మీర్ సామాన్యుడు కాడు. ఉర్దూ గజల్‌ను ఆయనంత లోతుకు తీసుకెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. తెలియనివాడి మాటైతే విని ఊరుకోవచ్చు. ఇంత తెలిసినవాడు అలా ఎందుకన్నాడో ఆలోచించక తప్పదు.

తెలుగువాళ్లకు ఈ కథ తెలిసిందే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి జిల్లాలన్నీ గాలించి, ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. దక్కనీకి ఉత్తరాది నుంచి వచ్చిన తీర్పూ, ఇక్కడి తెలుగుకు సాటి తెలుగు పండితుడి నుంచి వచ్చిన తీర్పూ అక్షరాలా ఒకటే. మీ దగ్గర కవులు లేరు.

గొప్పతనం మీద అభిప్రాయాలు ఎందుకు కలవవు అని అడిగితే 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అనేసి లేచిపోవచ్చు. కానీ పై రెండు తీర్పుల్నీ ఆ సామెత వివరించలేదు. ఒక మనిషికి ఒక పద్యం నచ్చకపోవడం రుచి. ఒక ప్రాంతం మొత్తంలో కవే లేడనడం రుచి కాదు. దాని వెనక ఇంకేదో ఉంది. అదేమిటో చూసేముందు పండితుడి పక్షం కూడా నిజాయితీగా వినాలి. ఈ మధ్య మనం ఆ పక్షాన్ని బొత్తిగా వినడం మానేశాం.

పండితుడు చెప్పేది ఇది. కవిత్వమైనా సంగీతమైనా ఒక పని. ఏ పనిలోనైనా చెయ్యి తిరిగినవాడూ ఉంటాడు, తిరగనివాడూ ఉంటాడు. ఆ తేడా ఆ పని తెలిసినవాడికి ముందుగా కనబడుతుంది. ఉర్దూలో ఉస్తాద్-షాగిర్ద్ సంప్రదాయం నడిచింది ఈ నమ్మకం మీదే. షాగిర్ద్ గజల్ రాసి తెస్తాడు, ఉస్తాద్ ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెడతాడు. దాన్ని 'ఇస్లాహ్' అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్‌గా హైదరాబాద్‌లో స్థిరపడ్డ దాగ్ దెహ్ల్వీకి దేశం నలుమూలల నుంచీ గజళ్లు టపాలో వచ్చేవి. పంజాబ్ నుంచి అలా పంపినవాళ్లలో కుర్రవాడైన ఇక్బాల్ ఒకడు. దిద్దుబాటు అంటూ ఉందంటే దిద్దడానికి తప్పు ఒకటి ఉండాలి. తప్పు ఉందంటే ఒప్పు కూడా ఉండాలి. అంతా ఎవరి ఇష్టం వాళ్లదే అయితే ఆ ఉత్తరాలకు అర్థమే లేదు.

ఈ పట్టింపు ఉత్తరాది నుంచి దిగుమతైంది కూడా కాదు. కులీ ఆస్థాన కవి ముల్లా వజ్హీ 1609లో 'కుతుబ్ ముష్తరీ' రాశాడు. సుల్తాను ప్రేమకథ అది. అందులో కథ ఆపి మరీ మంచి కవిత్వం ఎలా ఉండాలో చెబుతాడు. పొందిక లేకుండా పాతిక చరణాలు గుప్పించడం కంటే, సాఫీగా ఉన్న ఒక్క చరణం మేలని ఆయన అభిప్రాయం. మీర్ అడిగిందీ పొందికే. అంటే దక్కన్‌లో లేదని మీర్ చెప్పిన గుణాన్ని, ఆయనకు 143 ఏళ్ల ముందే దక్కన్ కవి ఒకడు కవిత్వానికి మొదటి షరతుగా పెట్టాడు.

ఇద్దరి కొలమానం ఒకటే అయినప్పుడు తీర్పు ఎందుకు తేడా వచ్చింది? ఒక కారణం చరిత్ర. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలుచుకున్నాక ఇక్కడి దర్బారు చెదిరిపోయింది. కవుల్ని పోషించే చెయ్యి పోయింది. రాతప్రతులు పెట్టెల్లోకీ, పెద్దింటి గ్రంథాలయాల్లోకీ చేరాయి. ఇంకో కారణం భాష. ఢిల్లీ ఉర్దూలో భూతకాల వాక్యంలో కర్తకు 'నే' చేర్చాలి, దక్కనీ చేర్చదు. ఢిల్లీలో బహువచనం ఒకలా వస్తే దక్కనీలో మాట చివర 'ఆఁ' చేరి వస్తుంది. 'వద్దు' అనడానికి మరాఠీ పక్కన పెరిగిన 'నక్కో' ఉంది. ఇవన్నీ దక్కనీకి వ్యాకరణం. ఢిల్లీ చెవికి మాత్రం తప్పులు. వాక్యవాక్యానికీ తప్పే వినబడుతుంటే పొందిక ఎక్కడ వినబడుతుంది?

కులీని పట్టించుకోని ఆ మౌనం మీర్‌తో ఆగలేదు. మహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో 'ఆబ్-ఎ-హయాత్' రాసినప్పుడు ఉర్దూ కవిత్వానికి ఆదిపురుషుడి స్థానం వలీకి ఇచ్చాడు. వలీ పుట్టేనాటికే కులీ పోయి అర్ధశతాబ్దం దాటింది. అయినా ఆ కథలో కులీ పేరుకు చోటు లేదు. 20వ శతాబ్దంలో మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటివాళ్లు దక్కనీ ప్రతుల్ని వెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్‌కు చెందిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో కులీ కవితాసంపుటిని పరిష్కరించి అచ్చువేశారు. రాసిన మూడు వందల ఏళ్ల తర్వాత ఆ పుస్తకం పాఠకుడి చేతికొచ్చింది.

ఆ సంపుటిలో వసంతోత్సవాలున్నాయి, షబ్-ఎ-బరాత్ ఉంది, మొహర్రం విలాపగీతాలున్నాయి. మృగశిర కార్తె మొదటి వాన ఉంది. తెలంగాణ పల్లెల్లో 'మిరుగం' అనే రోజును దక్కనీలోనూ దాదాపు అలాగే అంటారు. సింహాసనం మీద కూర్చున్న మనిషి ఫార్సీ తోటల్నీ బుల్‌బుల్ పిట్టల్నీ పక్కన పెట్టి, గోలకొండ మీద కురిసే వానను రాయడం నాకు పెద్ద విషయంగానే తోస్తుంది. కానీ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సంపుటిలో అన్నీ ఒక స్థాయివి కావు. చెప్పిందే చెప్పినవి ఉన్నాయి. పండగొచ్చిందని రాసేసినవి ఉన్నాయి. 354 మంది కవుల సంచిక విషయమూ అంతే. ఆ సంచికలో చాలా పద్యాలు ఛందస్సు తప్పకుండా నడిచే మామూలు పద్యాలే. లేరన్నవాడికి ఉన్నారని చూపించడానికి అంకె సరిపోతుంది. గొప్పవాళ్లా కాదా అన్నదానికి అంకె జవాబు కాదు. ప్రతాపరెడ్డికి ఈ తేడా తెలియక కాదు. ముందు ఉనికి రుజువు చేస్తే తప్ప విలువ గురించి మాట్లాడే అవకాశమే రాని స్థితిలో ఆయన ఆ పని చేశారు.

షాలిబండ వైపు ఒక హోటల్లో చాయ్ తాగుతూ, కాలేజీలో ఉర్దూ చెప్పి రిటైరైన ఒక పెద్దాయనతో ఈ విషయం మాట్లాడాను. బార్కస్‌లో పెళ్లిళ్లకు మర్ఫా వాయించే కుర్రవాడొకడు అదే బల్ల దగ్గర కూర్చున్నాడు.

"సాబ్, కులీ షాయరీ మీకు నచ్చదా?" అని అడిగాను.

"నచ్చడం వేరు బేటా. మీర్ పక్కన కూచోబెట్టడం వేరు. మన ఊరివాడని మార్కులు వేస్తామా?" అన్నాడాయన.

కుర్రవాడు నవ్వి, "మా దాంట్ల కూడా అంతే సాబ్. మర్ఫా కొట్టేటోళ్లు వందమంది ఉంటరు. చెయ్యి పట్టు తెలిసినోడు ఒక్కడుంటడు. వాడు రాలేదంటే బారాత్‌ల ఎవ్వడూ సరిగ ఆడడు" అన్నాడు.

ఆ ఇద్దరి మాటలూ ఒకదానికొకటి ఎదురు అనుకున్నాను మొదట. కావు. పెద్దాయన చెప్పిన తేడానే కుర్రవాడూ చెప్పాడు. మర్ఫా ఆఫ్రికా నుంచీ యెమెన్ నుంచీ నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ల సంతతి మోసుకొచ్చిన వాద్యం. ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరొచ్చింది ఆఫ్రికన్ అశ్వదళం నుంచే. ఆ వాద్యానికి పాఠ్యపుస్తకం లేదు, డిప్లొమా లేదు, అకాడమీ అవార్డు అసలే లేదు. అయినా అందులో ఉస్తాద్ ఉన్నాడు, అనాడీ ఉన్నాడు. వాళ్ల మధ్య తేడా ఆడేవాళ్ల కాళ్లకు తెలుస్తుంది. లాల్ దర్వాజా బోనాల్లో డప్పు బృందాల వెనక కాసేపు నడిచినా ఇదే కనబడుతుంది. పక్కన డీజే బాక్సులు ఎంత మోగినా, పోతురాజు అడుగు డప్పు దరువుతోనే కదులుతుంది. దరువు తొందరపడితే పాత చేతులు వెంటనే పట్టి వెనక్కి లాగుతాయి.

కాబట్టి ప్రమాణాలు లేవనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రమాణాలన్నీ పెద్దకులాల, పెద్ద దర్బార్ల కుట్ర అనే మాట వినడానికి పదునుగా ఉంటుంది గానీ, అది ముందుగా అన్యాయం చేసేది మర్ఫా ఉస్తాద్‌కే. ఆయన నలభై ఏళ్ల సాధననూ, నిన్న డ్రమ్ము కొనుక్కున్నవాడి చప్పుడునూ అది ఒకే గాట కడుతుంది. ప్రతి కళలోనూ లోపలివాళ్ల తూకం ఒకటుంది. ఆ తూకం చాలావరకు నిజం. గొడవ మొదలయ్యేది ఒక కళ తూకాన్ని ఇంకో కళ మీద పెట్టినప్పుడు.

దీనికి ఖవ్వాలీని మించిన ఉదాహరణ పాతబస్తీలో నాకు దొరకలేదు. దర్గాలో మెహఫిల్-ఎ-సమా జరుగుతున్నప్పుడు ఖవ్వాల్ ఒక మిస్రా, అంటే ఒక పాదం, దగ్గర ఆగి అదే మళ్లీ మళ్లీ పాడతాడు. కొత్తగా వచ్చినవాడికి ఎందుకో అర్థం కాదు. కాస్త పక్కకు చూస్తే తెలుస్తుంది. ఎక్కడో ఒక మూల కూర్చున్న మనిషికి ఆ మిస్రా తగిలింది. ఆయన ఊగుతున్నాడు, ఏడుస్తున్నాడు, లేచి నిలబడ్డాడు. ఆ స్థితిని 'హాల్' అంటారు. ఆయన తేరుకునేదాకా ఖవ్వాల్ ఆ మిస్రాను వదలకూడదు. వదిలి ముందుకు పోతే ఆ మనిషిని మధ్యదారిలో వదిలేసినట్టు. తబలా, చప్పట్లు, పక్క గొంతులు అన్నీ ఆ ఒక్క మనిషి చుట్టూ తిరుగుతాయి. ఎప్పుడు గట్టిగా పట్టాలో, ఎప్పుడు మెల్లగా దించాలో తెలిసినవాడే అక్కడ గొప్ప ఖవ్వాల్.

అదే పాటను రికార్డు చేసి ఇంట్లో పెట్టుకుని వినండి. ఒకే మిస్రా అన్ని సార్లెందుకు అనిపిస్తుంది. సంగీత విమర్శకుడైతే రాగాన్ని విస్తరించకుండా తిప్పిందే తిప్పాడని రాస్తాడు. టికెట్టు పెట్టిన హాల్లోనూ అంతే. శ్రోత వేదిక వైపు తిరిగి కూర్చుంటాడు, ఖవ్వాల్‌కు ఆయన ముఖం చీకట్లో కనబడదు. ఎవరి కోసం ఆగాలో తెలియదు. అందుకని గాయకుడు ఆగడం మానేసి తానాలు వేస్తాడు, లయ పెంచుతాడు, హాలు చప్పట్లు కొడుతుంది. దర్గాలో పెరిగిన ముసలాయన అది విని తల అడ్డంగా ఊపుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు సంగీతాన్ని విన్నారు, ఇంకొకరు అది చేయాల్సిన పని చేసిందా అని చూశారు. హైదరాబాద్ ఖవ్వాలీకి దేశమంతటా పేరు తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంటివాళ్లు నేటికీ రెండు చోట్లా పాడుతున్నారు. పాడే పద్యం ఒకటే అయినా రెండు చోట్లా చేయాల్సిన పని ఒకటి కాదు.

మొహర్రంలో పాడే విలాపగీతం నౌహా సంగతీ ఇలాగే. కాగితం మీద చదివితే చిన్న చరణాలు, తెలిసిన మాటలు, కొత్త ఊహలంటూ లేవు. ఆషూరా నాడు దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి అలం ఊరేగింపు కదిలేటప్పుడు, వేల చేతులు గుండెల మీద పడే చప్పుడుతో కలిపి అదే నౌహా వింటే ఆ చరణాలు ఎందుకంత చిన్నవో తెలుస్తుంది. మధ్యలో చెయ్యి పడడానికి చోటుండాలి. ఆ చోటును కవి వదిలి ఉంచాడు. కాగితం మీద అది ఖాళీగా కనబడుతుంది.

ఇక్కడ పండితుడు ఒక గట్టి ప్రశ్న వేస్తాడు. వేయాలి కూడా. "పనితో ముడిపడిన పాట ఆ పని అయిపోగానే అయిపోతుంది కదా? పని పోయినా నిలబడేదే కదా గొప్పది?" అంటాడు. క్షేత్రయ్య పదాలు చూడండి, అంటాడు. ఆ పదాలు గోలకొండ దర్బారులోనూ, తంజావూరులోనూ పాడినవి. ఆ దర్బార్లు పోయాయి, వాటిని అభినయించిన దేవదాసీ వ్యవస్థ పోయింది, శృంగారమని చీదరించుకున్న సంస్కర్తల కాలమూ పోయింది. పదాలు మాత్రం నేటికీ కచేరీల్లో వినబడుతున్నాయి. కాలం పెట్టే పరీక్షకు మించిన పరీక్ష ఏముంది?

ఈ వాదన నన్ను చాలాకాలం కట్టిపడేసింది. ఇప్పటికీ ఇందులో సగం నిజముందనే అనుకుంటాను. కానీ కాలం తనంతట తాను ఏ పాటనూ మోయదు. మనుషులు మోస్తారు. క్షేత్రయ్య పదాలు నిలిచాయంటే, అవమానాలు పడుతూ కూడా వాటిని నోటినుంచి నోటికి అందించిన ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం ముద్దుపళని 'రాధికాసాంత్వనం'ను నిషేధించింది. బెంగళూరు నాగరత్నమ్మ ఏడాది ముందే దాన్ని పూర్తి పాఠంతో అచ్చువేసి ఉండకపోతే ఆ కావ్యానికి కాలపరీక్ష రాసే అవకాశమే ఉండేది కాదు. మరి కులీ సంపుటి? మూడు వందల ఏళ్లు అలమారాలో ఉంది. ఆ మూడు వందల ఏళ్లలో అది కాలపరీక్షలో తప్పిందా, నెగ్గిందా? రెండూ కాదు. దాన్ని పరీక్షకే కూర్చోనివ్వలేదు.

అయితే మిగతా సగం మాటేమిటి? అలమారా తెరిచాక బయటపడ్డవి కులీ పుస్తకం ఒక్కటే కాదు. దక్కనీ రాతప్రతులు ఎన్నో అచ్చయ్యాయి. చాలావాటిని ఇప్పుడు పరిశోధక విద్యార్థులు తప్ప ఎవరూ తెరవరు. వజ్హీ 1635లో రాసిన వచనకావ్యం 'సబ్ రస్'ను మాత్రం ఉర్దూ చదివేవాళ్లు నేటికీ పక్కన పెట్టలేరు. తలుపు తెరవడం మనుషుల చేతిలో ఉంది. తెరిచాక ఎవరు లోపల నిలబడతారన్నది రచన చేతిలోనే ఉంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి వదిలేసి మాట్లాడినా లెక్క తప్పుతుంది.

పండితుల మధ్యే ఏకాభిప్రాయం లేనప్పుడు ఏం చేయాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. సుల్తాన్‌షాహీలో దాయిరా మీర్ మోమిన్ అనే పాత శ్మశానం ఉంది. హైదరాబాద్ నగర నమూనా గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు మీద వచ్చింది. సాలార్‌జంగ్ కుటుంబం సమాధులు అక్కడే ఉన్నాయి. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ కూడా అక్కడే ఉన్నారు. 1902లో కసూర్‌లో పుట్టి, దేశవిభజన తర్వాత పాకిస్తాన్ పౌరుడై, 1957లో భారత పౌరసత్వం తీసుకున్న ఆయన 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు.

ఆయన గొంతు గురించి ఎవరికీ సందేహం లేదు. ఆ పెద్ద శరీరం, ఒళ్లో స్వరమండల్, మూడు స్థాయిల్లోనూ వెన్నలా తిరిగే గళం. సందేహమల్లా ఆయన చేసిన ఎంపిక మీద. నింపాదిగా సాగే ఆలాపనలోనే శాస్త్రీయ సంగీతం అందముందని ఆయనకు తెలుసు. కానీ తాను పాడేది జనం కోసమనీ, జనానికి అంత సాగదీత పట్టదనీ ఖయాల్‌ను కుదించారు. ఠుమ్రీకి మనసిచ్చారు. 'మొఘల్-ఎ-ఆజం'లో సోహనీ, రాగేశ్రీ రాగాల్లో రెండు పాటలు పాడారు. పేరున్న సినీ గాయకులకు పాటకు 500 రూపాయలు కూడా దాటని రోజుల్లో ఆయన పాటకు 25,000 అడిగి తీసుకున్నారని చెబుతారు.

ఆయన కంటే పదేళ్లు చిన్నవారైన ఉస్తాద్ అమీర్ ఖాన్ సరిగ్గా ఎదురుదారిలో నడిచారు. పద్నాలుగు మాత్రల ఝూమ్రా తాళాన్ని ఎంత నెమ్మదిగా నడపవచ్చో అంత నెమ్మదిగా నడిపి, ఒక్కో స్వరం దగ్గర కూర్చుని ఆలోచిస్తున్నట్టు పాడేవారు. కచేరీ వేదిక మీద ఠుమ్రీకి దూరంగా ఉన్నారు. ఆయన అభిమానులకు బడే గులాం అలీ ఖాన్ జనాన్ని మెప్పించడానికి లోతు వదులుకున్న మనిషి. ఈయన అభిమానులకు అమీర్ ఖాన్ శ్రోత ఉన్నాడన్న సంగతే మరిచిన మనిషి. రెండు పక్షాల్లోనూ చెవి ఉన్నవాళ్లే ఉన్నారు. చదువులేక వచ్చిన తగాదా కాదు ఇది.

నాకు తోచిందేమంటే, సంగీతం ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఆ ఇద్దరూ వేరువేరు జవాబులు ఇచ్చుకున్నారు. వినేవాళ్లు కూడా ముందే ఆ ప్రశ్నకు తమ జవాబు తెచ్చుకునే కూర్చుంటారు. తనను దగ్గరకు తీసుకునే పాట కావాలనుకునేవాడు ఒకరిని ఎంచుకుంటాడు. తనను మరిచి రాగంలోకి నడిచే పాట కావాలనుకునేవాడు ఇంకొకరిని. నా మట్టుకు నేను, రాత్రి పొద్దుపోయాక అమీర్ ఖాన్ మార్వాకే వెళ్తాను. కానీ ఠుమ్రీని చిన్న విషయమనుకునేవాళ్లు బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీ పాడేటప్పుడు ఒకే మాటను ఎన్ని రకాల బతిమాలుగా, అలకగా, దిగులుగా తిప్పుతారో ఒకసారి పట్టి వినాలి. ఖయాల్‌లో ఆ పని చేయడానికి చోటే లేదు. చిన్నది అంటున్నది రూపాన్ని మాత్రమే. ఆ పనిలో ఉన్న కష్టం చిన్నది కాదు.

సంగీత రూపాలకు పెట్టుకున్న ఈ పెద్దాచిన్నా మెట్లు ఎంత నమ్మదగనివో చెప్పే సంగతి ఇదే ఊళ్లో ఒకటుంది. పండిత్ జస్‌రాజ్ చిన్నతనం హైదరాబాద్‌లో గడిచింది. బడికి పోయే దారిలో ఒక హోటల్లో బేగం అఖ్తర్ గజల్ రికార్డు మోగుతుంటే, బడి ఎగ్గొట్టి అక్కడే కూర్చుని వినేవాడినని, గాయకుణ్ని కావాలన్న కోరిక అక్కడే పుట్టిందని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఇంట్లో ఉన్నది తరాల శాస్త్రీయ సంగీతం. పిల్లవాణ్ని పట్టుకున్నది చాయ్ హోటల్ గ్రామఫోన్‌లోని గజల్.

దాగ్ సంగతి కూడా ఒక్క ముక్క చెప్పాలి. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఆయన సమాధి ఉంది. ఆయనకు సాటిగా నిలిచిన అమీర్ మినాయీ సమాధీ అక్కడే ఉంది. ఒకరిది వాడుక మాటల్లో మెరిసే ప్రేమకవిత్వం, రెండోవారిది పాండిత్యం, ప్రవక్తను స్తుతించే నాతులు, నిఘంటువు. తమ కాలంలో ఎవరు పెద్ద అన్నది ఊరూరా తగాదా. 1893లో కవి, విమర్శకుడు హాలీ కవిత్వానికి నీతీ సహజత్వమూ కావాలని రాసిన విమర్శ గట్టిపడ్డాక దాగ్ తరహా తేలికైపోయింది. మన సి.ఆర్. రెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము'తో ప్రబంధాల మీద వేసిన దెబ్బ తెలిసినవాళ్లకు ఆ గాలి ఎటు వీచిందో వివరించక్కర్లేదు. ఆ విమర్శలు అవసరమైనవే. కానీ అవి వచ్చాక ఒక తరం మొత్తం దాగ్‌ను చదవకుండానే తేలికవాడన్నది.

చదవకుండానే వచ్చే తీర్పుల్లో ఇప్పుడు నాకు దిగులు కలిగించేది దక్కనీ మీద ఉన్నదే. 1962లో మొదలైన 'జిందా దిలాన్-ఎ-హైదరాబాద్' హాస్య ముషాయిరాలు దక్కనీని వేదిక మీద బతికించాయి. 2005లో 'ది అంగ్రేజ్' సినిమా ఆ యాసను ఊరూరికీ చేర్చింది. ఈ మేలు మరవకూడదు. కానీ దాంతోపాటు దక్కనీ అంటే నవ్వడానికే అన్న అలవాటు కూడా స్థిరపడింది. 'సబ్ రస్' రాసిన భాషకు, మర్సియాలు ఏడ్చిన భాషకు ఇప్పుడు నోరు తెరిస్తే చాలు సభ పగలబడి నవ్వుతుంది. తెలంగాణ యాసను దశాబ్దాలపాటు సినిమాలో విలన్‌కూ జోకర్‌కూ ఇచ్చినప్పుడు మనకు తగిలింది ఈ దెబ్బే. 2023లో 'బలగం' చివర్లో బుడగ జంగాల పాటకు ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. ఆ యాస, ఆ పాట అంతకుముందూ ఉన్నవే. అవి ఏడిపించగలవని నమ్మి, నవ్వు కోసం కాకుండా దుఃఖం కోసం వాటిని వాడినవాళ్లు అప్పుడు దొరికారు.

దక్కనీలో ఆ పని సులేమాన్ ఖతీబ్ ఎప్పుడో చేశాడు. బీదర్, గుల్బర్గా వైపు మనిషి, కవితాసంపుటి పేరు 'కేవ్డే కా బన్'. కట్నం బేరాల మీద ఆయన రాసిన కవితకు సభ మొదటి మాట నుంచే నవ్వడం మొదలుపెట్టేది. ఆయన ఆ నవ్వును ఆపడు. నవ్వనిస్తూనే ఆడపిల్ల తండ్రి ముఖం దగ్గరికి తీసుకొస్తాడు. నవ్వుతున్న నోళ్లు ఎక్కడ మూతపడ్డాయో వాళ్లకే తెలియదు. మీర్ అడిగిన పొందిక, వజ్హీ కోరిన సాఫీతనం రెండూ అందులో ఉన్నాయని నేను నమ్ముతున్నాను. కానీ ఈనాటికీ ఆయన పేరు వచ్చేది హాస్యకవుల వరసలోనే. ఉర్దూ చెప్పే పెద్దాయనకు షాలిబండలో నేను చెప్పింది ఇదే. మీర్ పక్కన కూచోబెట్టమని అడగడం లేదు సాబ్, మీర్‌ను చదివే శ్రద్ధతో ఒకసారి ఖతీబ్‌ను కూడా చదవండి, తర్వాత మీరు ఏమన్నా వింటాను అన్నాను. పుస్తకం తెచ్చిపెట్టమన్నాడు.